డాక్టర్ సలహా: అన్నం మానేసే ముందు మాత్రల చీటీ తీయండి

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. నా వయసు 57, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. పదకొండేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ 10 వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టన్‌లో నీటి మాత్ర కలిపిన బిళ్ల. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నా. పొద్దున నాలుగు ఇడ్లీలో ఉప్మానో, మధ్యాహ్నం, రాత్రి అన్నమే. నా ఒక్కదానికే రోజుకు పావుకిలో బియ్యం పడుతుంది. చాయ్ నాలుగుసార్లు, చక్కెర వేసుకునే. మా కాలనీలో న్యూట్రిషన్ క్లబ్ పెట్టారు. అన్నం పూర్తిగా మానేసి రెండు పూటలా వాళ్ల షేక్ తాగితే మూడు నెలల్లో 15 కిలోలు తగ్గుతానని, షుగర్ మాత్రలతో కూడా పనుండదని అంటున్నారు. నెలకు ఆరు వేలు. డబ్బా లేబుల్ ఫొటో పంపుతున్నా. మా అబ్బాయి అమెరికా నుంచి ఒమేగా-3, కొల్లాజెన్, జుట్టుకు బయోటిన్, ముసలితనం రాకుండా ఆపుతుందంటూ ఇంకో క్యాప్సూల్ పంపాడు. విటమిన్ డి పొడి నేనే మెడికల్ షాపులో తెచ్చుకుని ఏడాదిగా వారానికొకటి వేసుకుంటున్నా. ఇవన్నీ వాడొచ్చా? మా వారికి 64 ఏళ్లు, షుగర్, బీపీ లేవు. ఎండాకాలం నుంచి ఆయన 61 కిలోల నుంచి 56కు వచ్చారు. పోయిన నెల నుంచి ఆయన కూడా షేక్ తాగుతున్నారు. మంచిదేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అన్నం తగ్గించాలన్న మీ ఆలోచన మంచిదే. మీ షుగర్‌కు, మోకాళ్లకు రెంటికీ పనికొస్తుంది. కానీ ఇప్పుడున్న మాత్రలు ఇలాగే వేసుకుంటూ రేపటి నుంచి అన్నం బంద్ పెడితే మాత్రం ప్రమాదం. క్లబ్బు వాళ్లు మీ మందుల చీటీ అడిగారా? అడిగినట్టు మీరు రాయలేదు. అందుకే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

గ్లిమిపిరైడ్ పని క్లోమాన్ని పిండి ఇన్సులిన్ ఊరించడం. మీరు తిన్నారా, మానేశారా అన్నది దానికి పట్టదు. పావుకిలో బియ్యానికి సరిపోయేలా రాసిన మోతాదు అది. అన్నం లేని రోజున అదే మోతాదు పడితే షుగర్ 70 కిందికి జారిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, ఒక్కోసారి ఏం మాట్లాడుతున్నామో తెలియని అయోమయం. అలాంటప్పుడు మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి. పిండిపదార్థాలు తగ్గించేవాళ్లకు డాక్టర్లు సాధారణంగా ముందు తగ్గించేది ఈ మాత్రనే. మీ బిళ్లలో అది మెట్‌ఫార్మిన్‌తో కలిసి ఉంది కాబట్టి సగం విరిచి వేసుకునే సొంత వైద్యం చేయకండి. చీటీ మార్పించుకోండి.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి చాలామందికి తెలియదు, కాస్త ఓపిగ్గా చదవండి. అది రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపించేస్తుంది. గుండెకు, కిడ్నీలకు మంచి మందే. అయితే ఇటు తిండిలో పిండిపదార్థం దాదాపు లేక, అటు ఉన్న చక్కెర మూత్రంలో పోతుంటే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే కీటోన్లు హద్దు దాటితే రక్తం ఆమ్లంగా మారిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. చిక్కేమిటంటే, ఆ సమయంలో షుగర్ చూస్తే 180, 200 మాత్రమే ఉండొచ్చు. మామూలుగా రక్తం ఇలా ఆమ్లమయ్యే జబ్బులో షుగర్ బాగా పెరుగుతుంది కనుక, క్యాజువాలిటీలో ఆ అంకె చూసి గ్యాస్ అనుకుని ఇంటికి పంపేసే అవకాశం ఉంది. ఎప్పుడైనా అలా దవాఖానకు వెళ్తే 'నేను డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నా' అన్నది మీరు చెప్పే మొదటి మాట కావాలి. శివరాత్రి, ఏకాదశి ఉపవాసాలకు, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజులకు ఈ మాత్ర ఎలా ఆపాలో మీ డాక్టర్‌ను ముందే అడిగి ఉంచుకోండి. ఈ మాత్ర మీద ఉన్నంతకాలం పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానేసే కీటో డైట్ జోలికి పోవద్దు.

బీపీ బిళ్ల గురించి ఒక్క మాట. పిండిపదార్థాలు తగ్గించిన మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పు, నీరు ఎక్కువగా పోతాయి. మీది ముందే నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, కలిసిన బిళ్ల. మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగితే బీపీ చూపించుకోండి.

ఇక అన్నం. మన దేశంలో పెద్దవాళ్లు తినే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని షుగర్ జబ్బు మీద దేశమంతా జరిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2025లో తేల్చింది. మీ లెక్కే చూద్దాం. పావుకిలో బియ్యంలో పిండిపదార్థం దాదాపు 195 గ్రాములు. ఇడ్లీలు, నాలుగు చాయ్‌ల చక్కెర, పాలు, పప్పు కలిపితే 300 దాటుతుంది. రేషన్‌లో మనిషికిచ్చే సన్నబియ్యం నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. మీ పావుకిలో దానికంటే ఎక్కువ. రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే లో-కార్బ్ అంటారు, 50 లోపుకు పోతే కీటో. మీకు ఆ రెండూ అక్కర్లేదు. మందులు సరిచేయించుకున్నాక రోజుకు 100 గ్రాముల బియ్యం, ఒక జొన్నరొట్టె దగ్గర ఆగండి. మిగతావన్నీ కలిపి 180 దగ్గర తేలుతుంది. అంటే మూడో వంతుకు పైనే తగ్గినట్టు. అన్నం తినకపోతే తిన్నట్టే ఉండదని మీ తరం వాళ్లంతా అంటారు, నిజమే. కనుక మధ్యాహ్నం పూటది ఉంచుకుని రాత్రిది వదిలేయండి. బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టండి. వండిన అన్నం గంటెతో కొలిస్తే చెయ్యి ఎప్పుడూ మనవైపే మొగ్గుతుంది.

జొన్నరొట్టె ఒక్కటే ఎందుకన్నానంటే, ఓపీలో నేను రోజూ వినే మాట 'అన్నం మానేసిన సార్, రొట్టెలే' అని. ఎన్ని అని అడిగితే నాలుగు. జొన్నపిండిలోనూ 100 గ్రాములకు 70 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది. 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో 35 గ్రాములు. బియ్యం కన్నా పీచు, ప్రొటీన్ ఎక్కువ కాబట్టి షుగర్ కాస్త నిదానంగా పెరుగుతుంది, అంతే. మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమలో చిరుధాన్యాలో పెట్టుకున్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గడం లేదని పైన చెప్పిన సర్వేలోనే తేలింది. గట్క అయినా, సద్దరొట్టె అయినా ఇదే లెక్క. చిరుధాన్యాలను మందులా చూసే మోజు ఇప్పుడు కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం.

అన్నం తీసేసిన చోట ఏం పెడతారన్నదే అసలు విషయం. కొన్నేళ్ల కింద రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా కొబ్బరినూనె తాగే డైట్ నడిచింది, మీకూ గుర్తుండే ఉంటుంది. అలా నూనెతో నింపితే బరువు తగ్గినా కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మీరు నింపాల్సింది ప్రొటీన్‌తో, కూరగాయలతో. ముప్ఫై దాటాక పదేళ్లకోసారి కండ కొంత కరుగుతూ వస్తుంది, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. ఈ వయసులో ఉత్త కడుపుతో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. తర్వాత బరువు తిరిగొచ్చినప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది, కండ అంతగా రాదు. కింద కూర్చుంటే లేవలేకపోవడం, బాత్‌రూంలో పడిపోవడం అక్కడి నుంచే మొదలు.

మీ కిడ్నీల పనితీరు చెప్పే పరీక్షలు, అంటే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, బాగుంటే రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ పెట్టుకోండి. పొద్దున ఇడ్లీలు రెండుకు తగ్గించి రెండు గుడ్లు తింటే 12 గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల చేప ముక్కలు వేసుకుంటే 18, 20 వస్తాయి. బొచ్చె, రవ్వ, దొరికితే బొమ్మె, పులుసు పెట్టినా సరే, వేయించొద్దు. చేప లేని రోజు చికెన్. గిన్నెడు పెరుగుతో ఆరేడు గ్రాములు. రాత్రికి నానబెట్టిన బొబ్బర్లో పెసలో 50 గ్రాములు ఉడికించి తాలింపు వేసుకుంటే ఇంకో 12, పక్కన తోటకూరో పుంటికూరో కంచం నిండా. శనివారాలు నీచు ముట్టకపోతే 30 గ్రాముల మీల్ మేకర్ చాలు, 15 గ్రాములు వస్తాయి. సాయంత్రం బిస్కెట్లు, సకినాలు, సర్వపిండి బదులు గుప్పెడు పల్లీలు. చాయ్ నాలుగుసార్లు తాగండి, నేను వద్దనను. చక్కెర మాత్రం వద్దు. దావత్‌కు పోయిన నాడు మటన్ వేసుకోండి, బగారా అన్నం రెండు ముద్దలకు ఆపేయండి.

మూడు నెలల్లో 15 కిలోలు అన్న మాటకు వద్దాం. మొదటి వారం రెండు మూడు కిలోలు గబగబా తగ్గుతాయి. అది కొవ్వు కాదు. కాలేయంలో, కండల్లో దాచిన చక్కెర ఖర్చవుతూ తన బరువుకు మూడింతల నీటిని వెంటబెట్టుకు పోతుంది. క్లబ్బులో ఫొటోలు తీసి గోడకు పెట్టేది సరిగ్గా ఆ వారమే. స్టాన్‌ఫర్డ్‌లో 2018లో షుగర్ లేని 609 మందిని రెండు జట్లు చేసి ఒకరికి కొవ్వు తక్కువ తిండి, ఇంకొకరికి పిండిపదార్థం తక్కువ తిండి ఏడాదిపాటు ఇచ్చి చూశారు. తగ్గింది 5.3 కిలోలు, 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకు పిండిపదార్థం తగ్గిస్తే మొదటి ఆరు నెలలు లాభం బాగా కనిపిస్తుంది, ఏడాదికి ఆ తేడా చాలావరకు సన్నగిల్లుతుంది. జనం పాత తిండికి మళ్లిపోవడమే అందుకు పెద్ద కారణం. మీకు ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గితే చాలు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అయిదు కిలోలంటే అడుగుకు ఇరవై కిలోలు.

మీరు పంపిన లేబుల్ చూశాను. ఒక్క షేక్‌కు ప్రొటీన్ 9 గ్రాములు, అంటే గుడ్డున్నర. 'ఔషధంగా వాడరాదు' అన్న వాక్యం కూడా ఆ డబ్బా మీదే ఇంగ్లిష్‌లో ఉంది, షుగర్ మాత్రలు అక్కర్లేదన్న వాళ్లకు అది చూపించండి. ఆ షేక్‌తో బరువు తగ్గేది రెండు పూటల భోజనం మానేస్తున్నారు కాబట్టి. ఆ పని ఆరు వేలు లేకుండానే చేయొచ్చు. ప్రొటీన్ పౌడర్లు వద్దనే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. షేక్‌తో పాటు కొవ్వు కరిగే క్యాప్సూళ్లు అంటగడితే అసలు తీసుకోవద్దు. గ్రీన్ టీ సారం, గార్సీనియా ఎక్కువ మోతాదులో తిని కామెర్లతో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి.

మీ అబ్బాయి ప్రేమతో పంపాడు, కాదనను. కానీ వారానికి రెండుసార్లు చేప తినేవాళ్లకు ఒమేగా-3 క్యాప్సూల్ పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. అమెరికాలో దాదాపు 26 వేల మంది మీద జరిగిన వైటల్ అధ్యయనంలో ఒమేగా-3, విటమిన్ డి రెండూ క్యాన్సర్‌ను గానీ, గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద గుండె జబ్బుల మొత్తాన్ని గానీ చెప్పుకోదగ్గట్టు తగ్గించలేదు. కొల్లాజెన్ కడుపులో అరిగిపోయి మామూలు ప్రొటీన్ ముక్కలే అవుతుంది, అదీ ఒంటికి కావాల్సిన అమైనో ఆమ్లాలన్నీ లేని అసంపూర్ణ ప్రొటీన్. నేరుగా మీ మోకాలికి నడిచిపోదు. బయోటిన్ థైరాయిడ్ పరీక్షను, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను తప్పుగా చూపించగలదు. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపి, వాడుతున్నట్టు ల్యాబ్‌లో చెప్పండి. ఇక ముసలితనం ఆపే క్యాప్సూల్ సంగతి. మనిషి ఆయుష్షు పెంచినట్టు రుజువైన సప్లిమెంట్ ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. అది అలమారలో ఉన్నా ఫర్వాలేదు.

విటమిన్ డి పొడి మాత్రం ఈరోజే ఆపండి. 60,000 యూనిట్ల పొడి సాధారణంగా ఎనిమిది వారాలకు రాస్తారు, ఏడాదికి కాదు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మీ బీపీ బిళ్లలోని నీటి మాత్ర థయజైడ్ రకమైతే అది కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వదు, రెండూ తోడవుతాయి. మలబద్ధకం, అతిదాహం, కిడ్నీలో రాళ్లు దాని ఫలితాలే. విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించుకోండి.

మీకు నిజంగా కావాల్సి రావచ్చనిపించేది ఒక్కటే, అది ఆ పార్సిల్‌లో లేదు: బీ12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గిపోతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు షుగర్ వల్లే అనుకుంటూ కూర్చుంటారు. పరీక్షలో తక్కువని తేలితే వేసుకునే మాత్ర ఖరీదైనదేమీ కాదు. వీటితో పాటు మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు కూడా. సర్కారు దవాఖానల్లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ కింద చాలా పరీక్షలు ఉచితమే, ముందు అక్కడ అడగండి.

భద్రకాళి చెరువు కట్ట మీద గంట నడక మీ మోకాళ్లకు ఇప్పుడే వద్దు. ప్రతి భోజనం తర్వాత ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, తిన్నాక పెరిగే షుగర్ మీద అది బాగా పనిచేస్తుంది. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, పొద్దునా సాయంత్రం. మొదట్లో చేతులు ఆనించాల్సి వస్తే ఆనించండి.

మీ వారి గురించి మీరు చివర్లో రెండు మూడు వాక్యాలే రాశారు. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది అవే. ఆయన సన్నగా ఉన్న మనిషి. ఎండాకాలం నుంచి 5 కిలోలు పోయాయి, అంటే ఒంటి బరువులో 8 శాతం. షేక్ మొదలుపెట్టింది పోయిన నెలే కనుక, బరువు తగ్గడం అంతకు ముందే మొదలై ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది లోపు 5 శాతానికి మించి అనుకోకుండా బరువు తగ్గితే కారణం వెతికి తీరాలి. బయటపడని షుగర్, థైరాయిడ్, టీబీ, పేగుల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ, ఏదైనా కావచ్చు. మనసు బాగోలేక తిండి తగ్గినా బరువు పోతుంది. షేక్ ఆపి, అన్నం, గుడ్లు, పాలు మూడు పూటలా పెట్టండి. మీకు చెప్పిన తగ్గింపు ఆయనకు వర్తించదు. దగ్గు, జ్వరం, మలంలో రక్తం, ఆకలి లేకపోవడం ఉన్నాయేమో అడగండి, మగవాళ్లు అడిగితే గానీ చెప్పరు. మీ పరీక్షలు పది రోజులు ఆగినా ఫర్వాలేదు. ఆయన్ని మాత్రం ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలతో మొదలుపెడతారు.