సుడోకును పూరిస్తామా, పరిష్కరిస్తామా?

సందేహం: పేపర్లో రోజూ సుడోకు వస్తుంది. పక్కన 'నిన్నటి సుడోకు పరిష్కారం' అని వేస్తారు. నేను 'సుడోకు పూరించాను' అంటే మా అమ్మాయి 'అదేమైనా దరఖాస్తా, పూరించడానికి?' అని నవ్వుతోంది. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, నాకు మీ మాటే నచ్చింది. ఎందుకో చెప్పాలంటే 'సమస్య' దగ్గరికి వెళ్ళాలి.

ఇవాళ నీళ్ళు రాకపోయినా సమస్యే, నెట్ రాకపోయినా సమస్యే. ఆ మాట పుట్టుక వేరు. 'సమ్' ఉపసర్గ, 'అస్' ధాతువు. అస్ అంటే వేయడం, ఉంచడం. సమాసం కూడా ఇందులోంచి వచ్చిందే. కాబట్టి సమస్య అంటే కలిపి కూర్చవలసింది. 'సమస్యా తు సమాసార్థా' అంటుంది అమరకోశం. కవికి పద్యంలో ఒక ముక్క ఇస్తారు, మిగతాది ఆయన కూర్చాలి. దాన్ని పూరణ అన్నారు గానీ పరిష్కారం అనలేదు.

మీ ఊరి రామకృష్ణుడికి ఇచ్చారని చెప్పుకునే సమస్యే చూడండి: 'కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్'. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! అర్థం సంగతి అలా ఉంచి, ముందు కట్టుబాటు గమనించండి. కందంలో ప్రాస తప్పదు. 'కుంజర' అని ఇవ్వగానే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం జకారమని, దాని ముందు సున్నా ఉండాలని ఖాయమైపోయింది. పూరణలో రంజన, భంజన, సంజయ వచ్చి కూర్చున్నాయి. సంజయుడితో భారతం వచ్చింది, విరాటుడి కొలువులో తలదాచుకున్న పాండవులు వచ్చారు. వాళ్ళే ఏనుగులు, ఆ కొలువే దోమ గొంతు; అలా ఏనుగులకు దారి దొరికింది.

సుడోకు నడకా ఇదే. 81 గళ్ళలో కొన్ని అంకెలు ముందే ఇస్తారు. ఒక అడ్డు వరుసలో రెండు గళ్ళే ఖాళీ, రావలసినవి 4, 7 అనుకోండి. మొదటి ఖాళీకి చెందిన నిలువు వరుసలో అప్పటికే 7 ఉంటే అక్కడ 4 తప్ప ఇంకోటి పట్టదు. తేడా ఒక్కటే. మనకు ప్రాసాక్షరం మళ్ళీ మళ్ళీ రావాలి, అక్కడ ఒకే వరుసలో అంకె మళ్ళీ రాకూడదు. పేరులోనే ఉంది ఆ సంగతి. 1979లో అమెరికాలో 'నంబర్ ప్లేస్' పేరుతో అచ్చయిన ఆటను 1984లో నికోలి సంస్థ జపాన్‌కు తెచ్చింది. ఆ సంస్థకు చెందిన మాకి కాజి 'సూజి వా దోకుషిన్ ని కగిరు' అని పేరు పెట్టారు. అంకెలు ఒంటరిగానే ఉండాలని అర్థం. దోకుషిన్ అంటే పెళ్ళికాని మనిషి. అందులోంచి 'సూ', 'దోకు' తీస్తే ఈ పేరు. ఇంగ్లిష్ మీదుగా తెచ్చుకుని మనం దకారాన్ని డకారం చేశాం.

'పరిష్కారం' తప్పనను. కాకపోతే పరిష్కరించడమంటే మొదట మెరుగుపెట్టడం. గ్రంథ పరిష్కర్త అంటాం కదా. 'విప్పడం' పొడుపు కథకు. 'సాధించడం' లెక్కకు, గట్టి సుడోకుకూ పనికొస్తుంది. 'సాల్వ్ చేశా' అనే పిల్లల్ని కోప్పడను. 'పరిష్కరించబడినది' అని అచ్చువేసేవాళ్ళను చూస్తేనే నాకు కోపం. మన వాక్యానికి ఆ 'బడి' ఎందుకు?

మీ అమ్మాయి అన్నదాంట్లోనూ కొంత నిజముంది. ఫారాలు పూరించీ పూరించీ ఆ మాట పలచబడింది. తోచిన అంకెలు రాసేసిన రోజున 'నింపాను' అనండి. ఆలోచించి కూర్చిన రోజున మాత్రం 'పూరించాను' అనండి.