వీలునామా దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

మైల్స్ స్టాండిష్ గురించి నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు నెలకొల్పిన ప్లిమత్ వలసకు సైనిక నాయకుడైన మనిషి పూర్వీకుల కోసం ఇంత ఓపికగా వెతుకుతున్నందుకు సంతోషంగా ఉంది. అయితే రెండో అధ్యాయంలో ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో ఉన్న డక్స్‌బరీ హాల్ అతని పూర్వీకుల ఇల్లని ఖాయంగా రాసేశావు. ఆధారం ఏమిటి? అమెరికాలో అతను స్థిరపడిన ఊరి పేరు కూడా డక్స్‌బరీ కావడమే కదా! పేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు.

అతని వీలునామా మళ్ళీ చదువు, ఈసారి నిదానంగా. 1656లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు రాయించాడు. కొడుకు అలెగ్జాండర్‌కు ఆస్తి రాసిస్తూ, ఇంగ్లండులో తనకు రావలసిన భూములను ఊరూరా పేరుపెట్టి చెబుతాడు: ఆర్మ్‌స్కర్క్, బర్స్‌కో, రైటింగ్‌టన్, మాడ్స్‌లీ, న్యూబరో, క్రాస్టన్, ఆపైన ఐల్ ఆఫ్ మాన్ ద్వీపం. వారసుడిగా తనకు దక్కవలసిన ఆ భూములు దొంగచాటుగా తన చేతికి రాకుండా పోయాయంటాడు. తన ముత్తాత స్టాండిష్ ఊరి స్టాండిష్‌ల ఇంట్లో చిన్న కొడుకంటాడు. ఆ ముత్తాత పేరు మాత్రం చెప్పడు. మేఫ్లవర్ ఓడలో వచ్చి అమెరికాలో దిగి 36 ఏళ్ళయినా ఆ పల్లెల పేర్లు ఒక్కటీ మరిచిపోని మనిషి అసలు పేరు వదిలేశాడు! నీ పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. డక్స్‌బరీ హాల్ ఊసు అందులో ఎక్కడా లేదని గమనించావా?

చోర్లీ చర్చి రిజిస్టరు కథ నువ్వు చాలా ఉత్సాహంగా రాశావు. 19వ శతాబ్దంలో అమెరికా వారసులు పంపిన మనిషి, అతని పేరు ఉండవలసిన పుటను ఎవరో కావాలనే గీకేశారని అనుమానించిన సంగతి నిజమే. చెరిగిన పుట కాలానికి అరిగినదీ కావచ్చు. ఖాళీ పుటలో మనకు కావలసిన పేరును మనమే చదువుకోవడం వంశచరిత్రలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అతను 1584లో పుట్టాడని తేల్చి రాయకు, 'సుమారు' అను. 20వ శతాబ్ది మొదట్లో థామస్ పోర్టియస్ అనే స్థానిక మతాధికారి రిజిస్టరును పక్కనపెట్టి, వీలునామాలోని ఊళ్ళ భూమి దస్తావేజులు వెతికాడు. అవి ఆర్మ్‌స్కర్క్ స్టాండిష్‌ల వైపు దారి చూపాయి. పుట్టింది ఐల్ ఆఫ్ మాన్‌లోనే అనేవారూ ఉన్నారు. కానీ అతనిని ఎరిగిన నతానియెల్ మోర్టన్ 1669లో లాంకషైర్ అనే రాశాడు. రెండు వైపుల వాదననూ పాఠకుడి ముందు పెట్టు. నీ మొగ్గు ఎటో దాచుకోనవసరం లేదు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. ఆనాటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 దాకా అంతే. అందుకే వీలునామా మీద 1655 మార్చి 7 అని ఉంటుంది. నువ్వు దాన్ని అలాగే దించేసి, ఏడాది తేడా తెచ్చుకున్నావు. 1538 నుంచి చర్చిలు రాసుకున్నవి కూడా బాప్తిస్మాల తేదీలే, పుట్టిన రోజులు కావు.

ఇంకొకటి. వంశవృక్షం గీసేవాళ్ళకు ఆ మనిషి మీద మమకారం పెరుగుతుంది. 1623లో వెసగస్సెట్ అనే మరో ఇంగ్లీషు వలసలో అతను పెక్సువట్ అనే స్థానిక ఆదివాసీ యోధుణ్ణి ఆయన కత్తితోనే పొడిచి చంపాడు. మరో ఆదివాసీ యోధుడు వితువమత్ తలను తెచ్చి ప్లిమత్ కోట మీద పెట్టారు. ఆ వార్త హాలండులోని లైడెన్‌లో ఉన్న ఆ వలసవాసుల పాస్టరు జాన్ రాబిన్సన్‌ను కలచివేసింది, మందలిస్తూ ఉత్తరం రాశాడు. నీ రాతప్రతిలో ఇదంతా ఒక్క వాక్యంలో అయిపోయింది. తన భూమి పోగొట్టుకున్నానని చివరిదాకా బాధపడిన మనిషి, ఇతరుల భూమిలో ఏం చేశాడో పాఠకుడికి తెలియాలి. ఆ భాగం విస్తరించి రాయి.

మూడో అధ్యాయంతో పాటు వీలునామా పాత ప్రతి నకలు కూడా పంపించు. ఊళ్ళ పేర్లు అందులో ఎలా రాశారో పక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య