పాఠకుల ప్రశ్నలు: టీకా వేసినా కోళ్లు ఎందుకు చచ్చిపోతున్నాయి?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురం శివారులో నలభై నాటుకోళ్లు పెంచుతున్నాం. వాటికి రెండు నెలలు దాటాయి. లాసోటా టీకాను కుళాయి నీళ్లలో కలిపి పెట్టాం. అయినా మూడు వారాలకే పచ్చ పారుడు, మెడ మెలి తిరగడం మొదలై పన్నెండు కోళ్లు పోయాయి. టీకా నకిలీదై ఉంటుందా?

జవాబు: మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులు (రాణిఖేత్) అనే వైరస్ జబ్బును గుర్తు చేస్తున్నాయి. సీసాను అనుమానించే ముందు మీరు కలిపిన నీళ్లను చూడండి. లాసోటా ఈ తెగులుకు వేసే టీకాయే, అందులో ఉండేది బతికున్న వైరస్. అది కోడి నోటిదాకా బతికి చేరితేనే పని చేస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని కాసేపట్లోనే చంపేస్తుంది. దుకాణం నుంచి ఐసు లేకుండా తెచ్చినా, తొట్టెలను ఫినాయిల్‌తో కడిగినా అదే జరుగుతుంది. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచాలి, తెచ్చేటప్పుడు కూడా.

నీళ్లలోనే ఇవ్వాలనుకుంటే క్లోరిన్ కలపని బోరు నీళ్లు తీసుకోండి. లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అరగంట ఆగి, ఆ తర్వాతే టీకా వేయండి. అంతకు ముందు గంటా రెండు గంటలు కోళ్లకు నీళ్లు ఆపాలి. నలభై కోళ్లకైతే లీటరున్నర చాలు, అది రెండు గంటల్లో అయిపోవాలి. తొట్టెలు తక్కువైతే బలమైన పుంజులే తాగేస్తాయి, వెనకబడ్డ కోళ్లకు రక్షణ రాదు. మంద చిన్నది కాబట్టి కంట్లో చుక్క వేయడమే మంచిదని మా అభిప్రాయం. ఒక్కో కోడికి ఒక్క చుక్క వేసి, అది కంట్లోకి ఇంకేదాకా కోడిని వదలకండి. టీకా చేతికి అంటితే మీ కళ్లు తుడుచుకోవద్దు, ఆ వైరస్‌తో మనిషికి కూడా కళ్లు ఎర్రబడతాయి.

ఇంకో సంగతి. లాసోటా ఒక్కసారి వేసి వదిలేస్తే చాలదు. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య మొదటి చుక్క, నాలుగో వారంలో రెండోది, ఎనిమిదో వారంలో ఆర్2బీ సూది చర్మం కింద. ఆర్2బీ అదే తెగులుకు వేసే ఘాటైన రకం టీకా. ఆరు వారాల లోపు పిల్లలకు వేస్తే పిల్లలే చచ్చిపోవచ్చు. గుడ్లు పెడుతున్న పెట్టలకు వేస్తే గుడ్లు తగ్గుతాయి.

ఇప్పటికే జబ్బు పడ్డ వాటికి మందు లేదు. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు, డబ్బు దండగ. జబ్బువాటిని వేరు చేయండి. చచ్చినవాటిని కాలువల్లో పడేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చండి. సంత నుంచి కొత్త కోళ్లు తెస్తే 21 రోజులు విడిగా ఉంచండి.

ప్రశ్న: ఏ జబ్బో తేల్చుకోవాలంటే చచ్చిన కోడిని ఎక్కడికి తీసుకెళ్లాలి? ఎలా?

జవాబు: హెబ్బాళలోని పశువైద్య కళాశాలలో పాథాలజీ విభాగాన్ని అడగండి. అక్కడే పశు ఆరోగ్య, పశువైద్య జైవిక ఉత్పత్తుల సంస్థ కూడా ఉంది. చచ్చిన కోడిని ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకండి, మంచు ముక్కలు కణజాలాన్ని చీల్చేసి పరీక్షకు పనికిరాకుండా చేస్తాయి. రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐసు ప్యాక్‌లతో అదే పూట తీసుకెళ్లండి. ఇంకా ప్రాణంతో ఉన్న జబ్బు కోళ్లు ఒకటి రెండు ఉంటే వాటినే ఇవ్వడం మేలు. కోళ్ల వయసు, మొత్తం సంఖ్య, చావులు మొదలైన తేదీ, వేసిన టీకాలు, మేత కాగితం మీద రాసివ్వండి. కొక్కెర తెగులైతే కందనకాయకు పైన ఉండే మెత్తటి సంచి లోపలి గోడ మీద తరచుగా రక్తపు చుక్కలు కనిపిస్తాయి. మీరు కోసి చూపించిన కోడికన్నా కోయని కోడినే డాక్టర్లు కోరతారు.

ఒక్క మినహాయింపు: ముఖం వాచి, తురాయి నీలం రంగుకు మారి, ఒకటి రెండు రోజుల్లో గుంపుగా చచ్చిపోతుంటే అది బర్డ్ ఫ్లూ కావచ్చు, ఏదీ ముట్టుకోకండి, ఎక్కడికీ మోయకండి. ముందు స్థానిక పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. 2012లో బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో టర్కీ కోళ్లకు అది సోకింది కూడా. అలాంటి నమూనాలను అధికారులే భోపాల్ ప్రయోగశాలకు పంపుతారు.

ప్రశ్న: మిగిలిన కోళ్ల గుడ్లు తినవచ్చా?

జవాబు: కొక్కెర తెగులే అని తేలితే బాగా ఉడికించి తినవచ్చు. తేలేదాకా ఆగండి, ఇరుగుపొరుగుకు ఇవ్వకండి.