కలింగులా: తూమా, మత్తడా?

సందేహం: మద్రాసు ప్రెసిడెన్సీ నాటి చెరువుల రిపోర్టు ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ‘కలింగులా’ అనే ఇంగ్లీషు మాట పదేపదే వస్తున్నది. మామూలు డిక్షనరీల్లో దొరకలేదు. ‘తూము’ అని రాయవచ్చా? కళింగ దేశంతో దీనికేమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

సమాధానం: తూము అని మాత్రం రాయకండి. అయితే తప్పంతా మీది కాదు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే ఈ మాటకు తూమనే అర్థం కూడా ఇచ్చి తికమక పెట్టింది. తూము మనం తెరిస్తే పారుతుంది, పొలాలకు నీళ్లిస్తుంది. కలింగులాను ఎవరూ తెరవరు. చెరువు నిండితే మిగులు నీళ్లు దాని మీదుగా వాటంతట అవే పోతాయి, కట్ట తెగకుండా ఉంటుంది. అంటే మన మత్తడే. మీ పక్కనే ఉన్న పాకాల నిండినప్పుడు “మత్తడి పడ్డది”, “మత్తడి దుంకుతున్నది” అంటారు కదా, చేపల కోసం జనం ఎగబడేదీ అక్కడే.

మాట పుట్టుక తమిళ ‘కలింగల్’. నెల్లూరు వైపు ‘కలుజు’ అంటారు. మద్రాసు ఇంజనీర్లు విన్నది విన్నట్టు రాసుకుని చివర ఒక దీర్ఘం తగిలించారు. వరంగల్ నిజాం ఏలుబడిలో ఉండేది కాబట్టి ఆ కాగితాల భాష ఇక్కడికి పెద్దగా రాలేదు. కళింగ దేశానికీ దీనికీ సంబంధం లేదు.

మీ రిపోర్టులో ‘డ్యామ్ స్టోన్స్’ అనే మాట కూడా తగిలే ఉంటుంది. మత్తడి గోడ మీద వరసగా నిలబెట్టిన రాళ్లవి. వానలు వెనకబట్టి, ఇక పెద్ద వరద రాదని నమ్మకం కుదిరాక, ఆ రాళ్ల సందుల్లో మట్టీ గడ్డిపెళ్లలూ కూరి చెరువులో ఇంకాస్త నీళ్లు ఆపేవాళ్లు. లెక్క తప్పి గట్టి వాన పడిందా, పరుగెత్తుకెళ్లి అవన్నీ పీకేయాల్సిందే. వీటిని ‘ఆనకట్ట రాళ్లు’ అంటే అర్థం చెడుతుంది. ‘మత్తడి రాళ్లు’ చాలు.

నేనైతే అంతటా మత్తడి అనే రాసి, మొదటిసారి వచ్చినచోట బ్రాకెట్లో ‘అలుగు’ అని పెడతాను. కోస్తా పాఠకులకూ ఇబ్బంది ఉండదు. ‘మిగులు జల నిర్గమ ద్వారం’ లాంటివి మాత్రం వద్దు. ద్వారం అనగానే చదివేవాడు మళ్లీ తూము దగ్గరికే పోతాడు.