ఆ తెల్ల గొడుగులు పుట్టకొక్కులు కావు

‘అమ్రాబాద్ అడవి అంచున, గడ్డిలో, ముసురు వెలిశాక జానెడు వెడల్పు తెల్ల గొడుగులు లేచాయి. నడినెత్తిన గోధుమరంగు పెచ్చులున్నాయి. చెదపుట్టల దగ్గర లేచే, తినే పుట్టకొక్కులేనా, వండుకోవచ్చా?’ అని ఒకరు అడిగారు.

వండకండి. ఆ పోలికలు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషపు గొడుగువి. మనం కుక్కగొడుగని తీసిపారేసే రకమే, కానీ చూడ్డానికి బాగుంటుంది కాబట్టే మోసపోతారు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికించినా నమ్మడానికి లేదు.

ముందు కాడ అడుగు చూడండి. పట్టి పీకితే వేరు తెగి అసలు గుర్తే పోతుంది, పక్కనుంచి గడ్డపారతో తవ్వాలి. పుట్టకొక్కుకు కాడ కింద సన్నగా సాగిన వేరులాంటిది చెదల గూటి దాకా దిగుతుంది, నెత్తిన గట్టి మొన ఉంటుంది. ఈ విషపు గొడుగుకు ఆ వేరుండదు, కాడ అడుగున కాస్త ఉబ్బి అక్కడితో ఆగిపోతుంది. కాడ మీద ఉంగరం ఉంటుంది, వేలితో నెడితే పైకీ కిందికీ జరుగుతుంది.

తేల్చేది మాత్రం పొరల నుంచి రాలే పొడి రంగే. బాగా విచ్చిన గొడుగు తీసుకుని కాడ కోసేయండి. పొరలున్న వైపు తెల్లకాగితం మీద బోర్లించి, నెత్తిన ఒక చుక్క నీళ్లు వేసి, గిన్నె మూయండి. రాత్రంతా కదపొద్దు. పొద్దున కాగితం మీద పాలిపోయిన ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఇంకో మాట లేదు, ఇదే. ఏమీ రాలకపోతే గొడుగు లేతది, లేదా ఎండిపోయింది. లేతగా ఉన్నప్పుడు పొరలు కూడా తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చబారతాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మొగ్గలైతే అసలు ముట్టుకోకండి.

అయితే పచ్చపొడి రాలలేదు కదా అని పొయ్యి మీద పెట్టొద్దు. ప్రాణం తీసే అమానిటా అనే విషపు గొడుగుల పొడి తెల్లగానే ఉంటుంది.

ఇక వెండి నాణెం నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు తింటే మనకూ మంచిదే అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ ఉత్తవే.

ఎవరైనా తినేసి ఉంటే మిగిలిన ముక్కలు, పీకి పారేసిన కాడలతో సహా కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో కుళ్లిపోతాయి. వాంతులు ఆరు గంటలు దాటాక మొదలైతే అది ఇంకా ప్రమాదం, కాలేయాన్ని దెబ్బతీసే రకం కావచ్చు. మధ్యలో తగ్గినట్టు అనిపించినా తిన్న మనిషిని ఇంటికి తెచ్చేయకండి.