కొత్త బ్రాంచి కార్యదర్శికి: కార్మికుల ఓటును కాపాడే పని గురించి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. యూనియన్ బ్రాంచి కార్యదర్శిగా ఎన్నికయ్యావని తెలిసి సంతోషించాను. సభ్యుల ఓటు హక్కు విషయంలో మనం చేయవలసినదేమిటని నీవు రాసిన ఉత్తరానికి కొంత వివరంగానే జవాబు ఇవ్వదలచాను. నేను చూసినంతలో కార్మికుడి ఓటు పోలింగు రోజున పోవడం తక్కువ. అంతకు నెలల ముందే, ఎవరూ పట్టించుకోని వేళ, జాబితాలో పోవడమే ఎక్కువ. కనుక నీ పని గేట్ మీటింగుతో కాదు, ఓటరు జాబితాతో మొదలు కావాలి.

ఒకసారి యాజమాన్యం పాత క్వార్టర్లను కూలగొట్టి కుటుంబాలను వేరే కాలనీకి మార్చింది. ఆ తరువాత వచ్చిన ఎన్నికలో మా ఫిట్టరు ఒకాయన ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న ఓటరు కార్డును తీసి పోలింగు అధికారి ముందు పెట్టాడు. ఆ అధికారి జాబితా మీద స్కేలు ఆనించి ఒక్కొక్క వరుసే దింపుకుంటూ వచ్చి ఒక గడి దగ్గర ఆగారు. పేరు మా ఫిట్టరుదే, ఇంటి నంబరు ఆ పాత క్వార్టరుదే, వాటి మీద అడ్డంగా ‘తొలగించబడినది’ అనే ముద్ర. చేతిలో కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదని ఆయనకు నచ్చజెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ వరుస క్వార్టర్ల వారందరి పేర్లూ అలాగే పోయాయని సాయంత్రానికి తేలింది. నోటీసు ఇవ్వకుండా తొలగించినవారిది ఎంత తప్పో, ముసాయిదా జాబితా వచ్చినప్పుడు తెరిచి చూడని మాదీ అంతే తప్పు.

మన ఎన్నికల చట్టం ప్రకారం మనిషి సాధారణంగా ఎక్కడ నివసిస్తాడో అక్కడే ఓటరుగా నమోదు కావాలి. కొత్తగా చేరేవారికి ఫారం-6, ఇల్లు మారినవారికీ తప్పులు దిద్దించుకోవలసినవారికీ ఫారం-8 ఉన్నాయి. ఫారం-7 మాత్రం తొలగింపు కోరడానికి, అభ్యంతరం చెప్పడానికి వాడేది కాబట్టి, మన కాలనీల మీద ఎవరైనా అలాంటివి పెట్టారేమో ఎప్పటికప్పుడు బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) వద్ద కనుక్కోవాలి. పద్దెనిమిదేళ్లు నిండే పిల్లల కోసం ఇదివరకటిలా జనవరి 1 దాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలే. ఎవరి దరఖాస్తు వారి చేతనే పెట్టించు. యూనియన్ పేరుతో కట్టగా తీసుకువెళ్లిన దరఖాస్తులను తీసుకోరు, పైగా లేనిపోని అనుమానాలకు తావిచ్చినట్లవుతుంది.

ఒకసారి జాబితాలోకి ఎక్కిన పేరును నోటీసు ఇవ్వకుండా, వివరణ చెప్పుకునే అవకాశం లేకుండా తీసివేయరాదని సుప్రీంకోర్టు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో స్పష్టం చేసింది. 2025 ఆగస్టులో బీహార్ ముసాయిదా జాబితాలో చోటు దక్కని దాదాపు 65 లక్షల మంది పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆ న్యాయస్థానమే ఆదేశించింది. ఆ కారణాలలో ‘శాశ్వతంగా వలస వెళ్లారు’ అన్నది కూడా ఒకటి. పని కోసం ఊరు విడిచినవాడికి ఆ మాట ఎంత సులభంగా అంటుకుంటుందో నీకు చెప్పనక్కరలేదు.

ఇక అన్నిటికంటే చిక్కైన విషయం, కాంట్రాక్టు కార్మికులది. వారిలో చాలామందికి ఓటు సొంత ఊరిలో ఉంటుంది, బతుకు ఇక్కడ ఉంటుంది. వలస కార్మికులు ఉన్నచోటి నుంచే ఓటు వేసేందుకు ఒక యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 చివరలో ప్రతిపాదించింది కానీ అది ఆచరణలోకి రాలేదు. రెండు చోట్ల పేరు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. దరఖాస్తులో తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇక్కడ నమోదు చేయిస్తే మన బలం పెరుగుతుందన్న ఆశతో వారిని తొందరపెట్టకు. ఊరి పంచాయతీలో తన మాట చెల్లాలనుకునే కూలీకి అక్కడి ఓటే ముఖ్యం కావచ్చు. వివరాలన్నీ చెప్పి, నిర్ణయం అతనికి వదిలిపెట్టు.

ఆడవారి పేర్లను ప్రత్యేకంగా సరిచూడు. మొదటి సాధారణ ఎన్నికల నాటికి, సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యననో తల్లిననో రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు దూరమయ్యారు. నేటికీ మన కాలనీల్లో పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు మరొకచోట నమోదై ఉండటం కద్దు.

పోలింగు రోజు సెలవు గురించి అడిగావు. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 135-బి సెక్షన్ ప్రకారం ఆ రోజు ఓటరైన ఉద్యోగికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనిచేసిన రోజుకే కూలి వచ్చే షరతు మీద పెట్టుకున్నవాడికి కూడా ఆ రోజు కూలి చెల్లించాలి. అయితే ఉల్లంఘించిన యజమానికి పడే జరిమానా 500 రూపాయలకు మించదు కాబట్టి, కేసు పెడతామని బెదిరిస్తే కాంట్రాక్టరు నవ్వుతాడు. రెండు వారాల ముందే యాజమాన్యానికీ ప్రతి కాంట్రాక్టరుకూ లేఖ రాసి, ప్రతిని కార్మిక శాఖ అధికారికి పంపి, సెలవు నోటీసును గేటు వద్ద పెట్టించు. కార్మికుడు లేకపోతే ప్రమాదమో భారీ నష్టమో కలిగే పనులకు చట్టం మినహాయింపు ఇస్తుంది. కొలిమి, బాయిలరు వంటి చోట్ల వాదనకు దిగక, ఒకరు ఓటు వేసి వచ్చి మరొకరిని పంపేలా షిఫ్టు పట్టీ ముందే రాయించడం మేలు.

బూత్ లోపల యూనియన్‌కు కుర్చీ లేదు. ఏజెంట్లను నియమించుకునేది అభ్యర్థులు. బయట మన పని సహాయం వరకే. సాయంత్రం గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్న ప్రతివారికీ ఓటు వేసే హక్కు ఉంటుందని, షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చేవారికి ముందే చెప్పి ఉంచు. తన ఓటు వేరెవరో వేసిపోయారని తెలిస్తే వెనుదిరగకుండా, ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగమని కూడా చెప్పు. అది మామూలు లెక్కింపులో చేరదు కానీ, వివాదం కోర్టుకు వెళ్తే ఆధారంగా నిలుస్తుంది.

ఎవరికి ఓటు వేశావని మాత్రం ఏ సభ్యుడినీ అడగకు. 1937లో బొబ్బిలి రాజాను కార్మిక నాయకుడు వి.వి. గిరి బొబ్బిలిలోనే ఓడించారు. జమీందారు నీడన బతికే ఓటర్లు అంత పని చేయగలిగింది ఓటు గుట్టుగా ఉన్నందువల్లనేనని నా నమ్మకం. సూపర్‌వైజరు అడిగితే బెదిరింపు అనే మనం, మన కార్యకర్త అడిగితే చనువు అనుకుంటాం. విన్నవాడికి రెండూ ఒకటే. ప్రచారం చేసేవారిని, జాబితా చూసేవారిని వేరువేరుగా నియమించు. మన పార్టీకి ఓటు వేయడని తెలిసినవాడి పేరు తొలగిపోయినా, అంతే శ్రద్ధతో ఫారం-6 పెట్టించాలి.

క్వార్టర్ల వరుసల ప్రకారం మేము రాసుకున్న పాత నోటు పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. ఇంటి నంబర్లు మారిపోయి ఉంటాయి కానీ గడులు గీసిన పద్ధతి నీకు పనికి వస్తుంది. వచ్చే వారం మనిషి చేత పంపుతాను. ముసాయిదా జాబితా వెలువడిన రోజునే దానిని, కాంట్రాక్టు మస్టరును (హాజరు పట్టీని) పక్కపక్కన పెట్టుకుని కూర్చో.

ఇట్లు,
మీ అన్నయ్య