కిడ్నీ రాయి ఆపరేషన్‌కు ముందు ఏడు రోజుల యాంటీబయాటిక్ ఎందుకు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. నా వయసు 46. కుడి కిడ్నీలో 14 మి.మీ. రాయి ఉంది. హైదరాబాద్‌లో మూత్రమార్గం గుండా లేజర్‌తో తీస్తామన్నారు. మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించిందని ఏడు రోజులకు మాత్రలు రాసి, ఆపరేషన్ వాయిదా వేశారు. నాకు జ్వరం గానీ మంట గానీ లేవు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా అన్నకు ఇదే ఆపరేషన్ ఒక్క ఇంజెక్షన్‌తో చేశారు. నాకెందుకు ఆలస్యం? తర్వాత కూడా మాత్రలు వాడాలా?

జవాబు: మీ అన్నగారి కల్చర్‌లో బహుశా బ్యాక్టీరియా లేదు. అలాంటివారికి ఆపరేషన్‌కు ముందు గంటలోపు ఇచ్చే ఒక్క డోసు సాధారణంగా సరిపోతుంది. కోత లేని ఆపరేషన్ కదా, ప్రమాదమేముందని చాలామంది అనుకుంటారు. కానీ లోపల కెమెరాకు స్పష్టంగా కనిపించడానికి సెలైన్‌ను నిరంతరం పంపుతుంటారు. దానివల్ల కిడ్నీలో ఒత్తిడి పెరిగినప్పుడు, మూత్రంలోనూ పగిలిన రాయిలోనూ ఉన్న బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి చేరి, కొద్ది గంటల్లోనే ప్రాణాపాయానికి దారితీయవచ్చు. మీకు లక్షణాలు లేకపోయినా ఈ ముప్పు ఉంటుంది కాబట్టి, మీ డాక్టరు వాయిదా వేయడం నా దృష్టిలో సరైన నిర్ణయం.

కల్చర్ రిపోర్టులో మీ మందు పేరుకు ఎదురుగా ‘ఎస్’ అని ఉంటే ఆ బ్యాక్టీరియాపై అది పనిచేస్తుందని, ‘ఆర్’ అని ఉంటే పనిచేయదని అర్థం. ‘ఆర్’ కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. మాత్రలు మధ్యలో మానకండి. ఈ లోపే చలిజ్వరం, నడుము నొప్పి వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రాయి అడ్డుపడి ఉంటే ముందు స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉంచే సన్నని గొట్టం) వేసి మూత్రానికి దారి చేసి, రాయిని తర్వాత తీస్తారు.

ఆపరేషన్ తర్వాత జ్వరం లేకపోతే, రోజుల తరబడి యాంటీబయాటిక్ వాడటం వల్ల చాలామందికి అదనపు మేలు ఉండదు. మీకు ముందే ఇన్ఫెక్షన్ ఉంది కనుక ఎన్ని రోజులు వాడాలో మీ సర్జన్ చెబుతారు. ఆపరేషన్ తర్వాత స్టెంట్ ఉంచితే, అది ఉన్నన్నాళ్లూ మూత్రంలో మంట, తరచూ వెళ్లాలనిపించడం, కాస్త ఎర్రగా రావడం మామూలే. దయచేసి వాటికి మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి. అలా వేసుకున్న మందులే, నిజంగా అవసరమైన రోజున పనిచేయకుండా పోతున్నాయి. అయితే 101 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం కనిపిస్తే హైదరాబాద్ దాకా వెళ్లాలని చూడకుండా, 108కి ఫోన్ చేసి దగ్గరి పెద్దాసుపత్రిలో చేరండి. స్టెంట్ తీయాల్సిన తేదీని డిశ్చార్జి కాగితంపై రాయించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.